కారుషెడ్డులో పుట్టిన పాట

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్టు ఉన్న రోజులలో మామిడికాయల కాలం వచ్చిందంటే ఆ చుట్టుపక్కల ఇళ్లలో రాత్రిపూట నిద్ర అన్నది ఉండేది కాదు. చైత్రం మొదలుకొని జ్యేష్ఠం దాకా లారీలు వస్తూనే ఉండేవి. లారీని వెనక్కు నడిపించే క్లీనర్ల కేకలు, సరుకు దించే హమాలీల అరుపులు, వేలంపాట వారి గొంతులు తెల్లవారేదాకా వినవచ్చేవి. ఆ మార్కెట్టు వెనుక సందులో లారీలకు మరమ్మతులు చేసే రేకుల షెడ్డు ఒకటి ఉన్నది. 1990ల చివరి సంవత్సరాలలో, డిగ్రీ చదువుకొనే మేము నలుగురం ఆ షెడ్డులో రెండు గిటార్లు, ఒక బేసు గిటారు, ఒక డ్రమ్ముల జత పెట్టుకొని, వారానికి రెండు రాత్రులు మా చేతనైనంత మోత మోగించేవాళ్లం. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఆ గోలలో ఈ గోల కలిసిపోయేది.

మేము వాయించేదానికి ఒక పేరున్నదని, ఆ పేరు వెనుక ఒక చరిత్ర ఉన్నదని మాకు మొదట తెలియదు. ఆ పేరు గారేజి పంక్. ఈ ప్రసంగంలో చెప్పదలచినది ఆ చరిత్రనే. కర్ణాటక సంగీతం వినే శ్రోతలు ఇక్కడే రేడియో కట్టివేయక, కాసేపు ఓపిక పట్టవలసిందని మనవి. ఇది సంగీతమా కాదా అన్న తగవును తీర్చబోవడం లేదు. తీర్చగల అర్హత నాకు లేదు కూడాను.

గారేజి అంటే కారు నిలుపుకొనే షెడ్డు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత అమెరికాలో నగరాల శివార్లన్నీ కొత్త ఇళ్లతో నిండిపోయాయి. ఇంటికొక కారు, కారుకొక షెడ్డు. 1960 దాటేసరికి ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలకు పదిహేనేళ్లు వచ్చాయి. ఎలెక్ట్రిక్ గిటారు తపాలాలో తెప్పించుకోగలిగినంత చవక అయింది. 1964 ఫిబ్రవరిలో ఇంగ్లండు నుంచి వచ్చిన బీటిల్స్ బృందం టెలివిజన్‌లో కనిపించిన తరువాత వీధికొక బృందం లేచింది. తండ్రి దయతలచి కారును బయట నిలిపితే షెడ్డు ఖాళీ. గురువు లేడు, స్వరజతులు లేవు. మూడు ‘కార్డు’లు, అనగా ఒక్కసారిగా కలిపి మీటే మూడు స్వరాల గుత్తులు, చేతికి వస్తే పాట సిద్ధమైనట్లే. గొంతు బాగుండనక్కరలేదు, గట్టిగా ఉంటే చాలు. పంక్ అనే మాటకు పోకిరి, పనికిమాలినవాడు అని అర్థం. ఆ మాట ఈ సంగీతానికి అతుక్కున్నది కొంత తరువాత.

ఈ సంగీతంలో అన్నిటికంటె ముందు చెవికి తగిలేది బొంగురు. గిటారు నాదం పగిలిపోయినట్లు, కాలిపోయినట్లు ఉంటుంది. అది యంత్రంలోని లోపమని కొత్తవారు అనుకుంటారు. నిజమే, లోపమే, కాని కావాలని తెచ్చిపెట్టుకున్న లోపం. 1958లో లింక్ రే అనే గిటారు వాద్యకుడు తన ఆంప్లిఫయరు స్పీకరుకు పెన్సిలుతో చిల్లులు పొడిచి ‘రంబుల్’ అనే పాట వాయించాడు. అందులో ఒక్క మాట కూడా లేదు, వట్టి వాద్యం. అయినా ఆ పేరుకు వీధికొట్లాట అనే అర్థం ఉన్నదని కొన్ని రేడియో కేంద్రాలు దానిని వేయడానికి నిరాకరించాయి. మాటలు లేని పాటను మాటలకోసం నిషేధించడం లోకంలో అరుదు. 1964లో లండన్‌లో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవిస్ అనే కుర్రవాడు తన చిన్న ఆంప్లిఫయరు స్పీకరును బ్లేడుతో కోశాడు. మన తంబురా తీగ కింద నూలుపోగు జరిపి జీవా పెట్టడం ఎరిగిన వారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. శుద్ధమైన నాదం కొన్నిసార్లు చచ్చినట్లుంటుంది. కొంచెం రొద కలిస్తేనే దానికి ప్రాణం వస్తుంది. కొలతలో తేడా ఉన్నదంటారా, ఉన్నది. మనవారు నూలుపోగుతో ఆగారు.

ఇక ఈ చరిత్రలో ముఖ్యఘట్టం ఒక పాట. దాని పేరు ‘లూయీ లూయీ’. రిచర్డ్ బెర్రీ అనే నల్లజాతి గాయకుడు దానిని 1955లో కట్టాడు, 1957లో రికార్డుగా విడుదల చేశాడు. ఓడల మీద తిరిగే మనిషి ఒకడు సారాయి అంగడిలో కూర్చుని, జమైకాలో తనకోసం ఎదురుచూసే పిల్లను తలచుకొని, తన గోడు అంగడివానికి చెప్పుకుంటాడు. అంతే ఆ పాట. అది పెద్దగా అమ్ముడుపోలేదు. పెళ్లి ఖర్చులకని బెర్రీ ఆ పాట హక్కులను 750 డాలర్లకు అమ్ముకున్నాడు. ఆ తరువాత కోట్లకు ఎదిగిన పాట అది. పాతికేళ్లు దాటాక గాని హక్కులలో కొంత అతని చేతికి తిరిగి రాలేదు.

పాట మాత్రం అమెరికా వాయవ్య మూలకు, వాషింగ్టన్, ఆరెగాన్ రాష్ట్రాలకు చేరి, అక్కడి కుర్రవాళ్ల బృందాలన్నిటికీ నిత్యపారాయణం అయింది. 1963 ఏప్రిల్ 6న పోర్ట్‌లండ్ నగరంలో కింగ్స్‌మెన్ అనే బృందం దానిని రికార్డు చేసింది. స్టూడియోకు అయిన ఖర్చు యాభై డాలర్లకు మించలేదంటారు. మైకు ఎత్తుగా వేలాడుతున్నది. జాక్ ఎలీ అనే గాయకుడు మెడ వెనక్కు విరిచి, మునివేళ్ల మీద లేచి అరవవలసి వచ్చింది. పళ్లకు తీగ కట్టించుకొని ఉన్నాడు. మధ్యలో గిటారు వాద్యం ముగిసీ ముగియకముందే తొందరపడి చరణం అందుకొని, తప్పు తెలిసి ఆగాడు. డ్రమ్ములవాడు నాలుగు దెబ్బలు వేసి ఆ ఖాళీ నింపాడు. మా స్టూడియోలలో అయితే ఆ రికార్డింగును అక్కడికక్కడే చెరిపివేసి మళ్లీ మొదలుపెట్టిస్తాము. వాళ్లు చెరపలేదు. అదే నెలలో అదే స్టూడియోలో మరొక బృందం అదే పాటను ఇంకా శుభ్రంగా రికార్డు చేసింది. దేశమంతా పాకినది మాత్రం తప్పులున్న రికార్డే. సంవత్సరాంతానికి అది అమెరికా జాబితాలలో రెండవ స్థానానికి ఎక్కింది.

చిక్కు అక్కడే వచ్చింది. గాయకుడి మాటలు ఒక్కటీ తెలియడం లేదు. తెలియనప్పుడు మనిషి మనసు ఊరుకుంటుందా? అందులో బూతులున్నాయని బడిపిల్లలు కాగితాల మీద రాసుకొని పంచుకున్నారు. ఆ కాగితాలు తల్లిదండ్రుల చేతికి చిక్కాయి. 1964లో ఇండియానా రాష్ట్ర గవర్నరు ఆ పాటను ప్రసారం చేయవద్దని తన రాష్ట్రంలోని రేడియోవారిని కోరాడు. ఒక తండ్రి దేశపు అటార్నీ జనరల్‌కే ఫిర్యాదు రాశాడు. కేంద్ర నేరపరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ. రంగంలో దిగింది. రెండేళ్ల కాలంలో పరిశోధకులు ఆ రికార్డును అసలు వేగంలో విన్నారు, తగ్గించి విన్నారు, పెంచి విన్నారు. చివరకు ఏ వేగంలో విన్నా అర్థం కావడం లేదని తేల్చి దస్త్రం కట్టివేశారు. అసలు పాడిన జాక్ ఎలీని పిలిచి నీవేమి పాడినావని అడగలేదు. ఇందులో ఇంకొక చమత్కారం ఉన్నది. పాటలో ఒకచోట పుల్ల జారిపోయి డ్రమ్ములవాడు నోరుజారిన మాట ఒకటి వెనుకగా వినబడుతుందంటారు. బూతు కోసం రెండేళ్లు వెదికిన వారి చెవికి ఆ ఒక్కటీ ఆనలేదు.

అమెరికావారిని చూచి మనం నవ్వుకోనక్కరలేదు. 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణిలో హార్మోనియానికి ప్రవేశం లేకపోయింది. అది మన గమకాలను పలికించలేని పరదేశపు పెట్టె అన్నది అభియోగం. సంగీతశాస్త్రం దృష్టితో చూస్తే అందులో నిజం లేకపోలేదు. కాని ఆ సంవత్సరాలలోనే తెలుగునాట పందిరి పందిరిలో పద్యనాటకాన్ని మోసినది ఆ పెట్టే. మైకు లేని రోజులలో చివరి వరుసవానికి శ్రుతి అందించడానికి, చవకగా దొరికి, గట్టిగా మోగే వాద్యం అదొక్కటే. ఆ నిషేధం 1971 దాకా సడలలేదు. 1952లో సమాచార ప్రసార శాఖకు మంత్రి అయిన కేస్కర్ గారి హయాములో సినిమా పాటలకూ రేడియోలో చోటు కరవైంది. శ్రోతలు ఏమీ అనలేదు. ముల్లును సిలోను వైపు తిప్పుకున్నారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టడానికి ఆ తిప్పుడే ఒక కారణం. రేడియో ఉద్యోగిగా ఈ సంగతులు చెప్పుకోవడం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉన్నది. పగలంతా శ్రుతి తప్పిన గొంతు మైకు దరిదాపులకు రాకుండా కాపలా కాయడం నా పనిలో భాగం. రాత్రి షెడ్డులో నా గొంతు విన్నవారెవరూ నన్ను ఆ కాపలాకు పెట్టరు.

అమెరికాలో మరొక సౌకర్యం ఉండేది. ఊరూరా చిన్న ప్రైవేటు రేడియో కేంద్రాలు. షెడ్డు కుర్రవాళ్లు కొన్ని వందల రికార్డులు అచ్చువేయించి, తామే తీసుకొనివెళ్లి అనౌన్సరు చేతిలో పెట్టేవారు. అతనికి నచ్చితే సాయంత్రానికి ఆ ఊరంతా వినేది. 1966లో మిషిగన్ రాష్ట్రంలో, పొలం పనులకు వలసవచ్చిన మెక్సికన్ కుటుంబాల పిల్లలు ‘96 కన్నీళ్లు’ అన్న అర్థం వచ్చే పాటను చవకరకం ఎలెక్ట్రిక్ ఆర్గన్ మీద కట్టారు. స్థానిక రేడియోలు ఎత్తుకున్నాయి. అక్టోబరు చివరికి అది దేశంలో మొదటి స్థానంలో ఉన్నది. అటువంటి పాట ఒకటి నెగ్గితే వేయి పాటలు ఆ ఊరి పొలిమేర దాటలేదు.

దాటలేని బృందాలలో నాకు మిక్కిలి ఇష్టమైనది టకోమా పట్టణపు సోనిక్స్. 1964లో వారి ‘ది విచ్’ రికార్డు వెలువడింది. సియాటిల్‌లోని రేడియో కేంద్రం దానిని పిల్లలు బడినుంచి ఇంటికి చేరిన వేళకు తప్ప వేసేది కాదంటారు. పగటిపూట ఇళ్లలో ఉండే తల్లులు బెదిరిపోతారని. మంత్రగత్తెలు, పిచ్చివాళ్లు, విషం రుచిగా ఉన్నదనేవాడు: ఇవీ వారి పాటలలోని పాత్రలు. 1966లో వచ్చిన రెండవ ఆల్బము రికార్డు చేసేటప్పుడు, నాదం మరీ మెత్తగా ఉన్నదని స్టూడియో గోడలకు వేసిన మెత్తలను పీకివేశారు. రెండు మూడేళ్లలో బృందం విడిపోయింది. గాయకుడు రోడ్లకు తారు వేసే వ్యాపారంలో చేరాడు. సాక్సఫోను ఊదినవాడు విమానచోదకుడయ్యాడు. గిటారువాడు బీమా ఉద్యోగి. నలభై ఏళ్లు గడిచాక, 2007లో న్యూయార్కులో ఎవరో పిలిస్తే మళ్లీ కలుసుకొని వాయించారు. 2015లో డెబ్బై ఏళ్ల ప్రాయంలో కొత్త రికార్డు తీశారు. అరుపు తగ్గలేదు.

1968 నాటికి ఈ కెరటం అణగిపోయింది. వియత్నాం యుద్ధానికి కుర్రవాళ్లను పిలిచారు. మిగిలినవారు పెళ్లిళ్లు చేసుకొని ఉద్యోగాలలో పడ్డారు. 1972లో లెన్నీ కే అనే రచయిత ఆ మరచిపోయిన పాటలలో 27 ఏరి ‘నగెట్స్’ అనే పేరుతో జంట రికార్డుగా కూర్చాడు. పంక్ అనే మాట ఈ పాటలకు వాడుక అయింది ఆ ప్రాంతంలోనే. రెండేళ్లకు న్యూయార్కులో రమోన్స్ బృందం పుట్టింది; లోకం పంక్ అని పిలిచే గొడవ అక్కడినుంచి మొదలు. పెరూ దేశపు లీమా నగరంలో సైకోస్ అనే కుర్రవాళ్లు 1965లోనే రైలు స్టేషను కూలగొడదాము రండని అరచిన సంగతి చాలాకాలం అటు ఎవరికీ తెలియదు. మన దేశంలోనూ ఒక సిగరెట్టు కంపెనీ ‘సిమ్లా బీట్’ అనే పోటీ పెట్టి, 1970లోను 1971లోను రెండు ఆల్బములు తెచ్చింది. మద్రాసు బృందం కన్‌ఫ్యూజన్స్ పాట వాటిలో ఉన్నది. బొంగురు గిటారు, హడావిడి తాళం, ఎక్కడా జంకు లేదు. తెలుగు సినిమా పాటలు రికార్డయ్యే ఊళ్లోనే ఇదీ పుట్టింది గదా అని నేను ఆశ్చర్యపోతూ ఉంటాను.

మా చేతికి ఇవేవీ వరుసక్రమంలో రాలేదు. మా గిటారు మిత్రుని అన్నగారు దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటరు నేర్చుకొని, 1999లో అమెరికా వెళ్లి, పోర్ట్‌లండ్ దగ్గర ఉద్యోగంలో కుదిరారు. తమ్ముడి పిచ్చి ఎరిగినవారు గనుక అక్కడి పాత అంగడిలో దొరికిన కేసెట్లు పంపేవారు. అందులో డెడ్ మూన్ అనే బృందం ఒకటి. ఈ ప్రసంగం నేను రాయడానికి అసలు కారణం ఆ బృందమే.

ఫ్రెడ్ కోల్ 1948లో టకోమాలో పుట్టాడు. పదహారేళ్లకే రికార్డులు చేశాడు. 1966లో సైనిక నిర్బంధం తప్పించుకోవడానికి కెనడా వెళుతూ ఉండగా, పోర్ట్‌లండ్‌లో వ్యానుకు పెట్రోలు అయిపోయింది. బృందం అక్కడే ఆగి ఒక క్లబ్బులో పాడింది. అక్కడ పనిచేసే టూడీ అనే అమ్మాయితో 1967లో అతని వివాహం. 1968లో ఒక పెద్ద కంపెనీ వీరి ఆల్బము తీసి, వీరిని అడగకుండా బృందానికి ఏదో పిప్పరమెంటు అంగడి పేరు పెట్టింది. ఆ ఆల్బములోని మంత్రగత్తె పాటను ఇప్పటికీ ఏరుకొని వింటారు గాని ఆనాడు అది వారికి అన్నం పెట్టలేదు. దంపతులు కెనడా ఉత్తరాన యూకాన్ అడవులలో కొంతకాలం కాపురం ఉండి, తిరిగి వచ్చి, వాయిద్యాల దుకాణం పెట్టుకున్నారు. ఫ్రెడ్ తన ఇంటిని తన చేతులతోనే కట్టుకున్నాడు. బేసు వాయించేవాళ్లు నిలవడం లేదని, ముప్పై ఏళ్ల ప్రాయంలో ముగ్గురు పిల్లల తల్లి అయిన భార్యకు తానే బేసు నేర్పాడు.

1987లో ఆ ఇద్దరూ, ఆండ్రూ లూమిస్ అనే డ్రమ్ములవాడూ కలిసి డెడ్ మూన్ అయ్యారు. డ్రమ్ము మీద ఖాళీ సారాయి సీసా, అందులో వెలిగించిన కొవ్వొత్తి. వేదిక అలంకారమంతా అదే. రికార్డులు తామే తీసేవారు, తామే చెక్కేవారు. అవును, చెక్కేవారు. ఫ్రెడ్ 1954 నాటి రికార్డు లేతు యంత్రం ఒకటి సంపాదించాడు. కింగ్స్‌మెన్ పాడిన ‘లూయీ లూయీ’కి మూలరికార్డు చెక్కినది ఆ యంత్రమేనని చెబుతారు. ఎఫ్.బి.ఐ.కి అర్థం కాని పాట ఏ సూది కింద పుట్టిందో, ఆ సూది కిందనే ఈ దంపతుల పాటలూ పుట్టాయి. స్టీరియో అక్కరలేదని అన్నీ మోనోలోనే వేశారు. సొంత దేశంలో దుకాణదారులు. ఐరోపాలో వందలమంది వారికోసం టిక్కెట్లు కొనేవారు. 2006లో బృందం ఆగింది. 2014లో మళ్లీ లేచింది, ఫ్రెడ్ గుండెకు శస్త్రచికిత్స జరిగిన ఏడాదే. 2016లో లూమిస్ పోయాడు. 2017 నవంబరు 9న ఫ్రెడ్ పోయాడు. వివాహమై యాభై ఏళ్లు. టూడీ ఆ తరువాత కూడా బేసు దించలేదు.

మా నలుగురిలో కచేరీ ఇచ్చి డబ్బు గడించినవాడు లేడు. డ్రమ్ములవాడు కుర్రతనంలో పాతబస్తీ పెళ్లిళ్లలో మర్ఫా వాయించి తీన్‌మార్ దెబ్బ చేతికి ఎక్కించుకున్నవాడు. నిజాముల కొలువులోని ఆఫ్రికా గుర్రపుదళం వారి సంతతి ఈ ఊరికి ఇచ్చిన తాళం అది. అమెరికా పాటలోనైనా మూడవ దెబ్బ వాడికి సహజంగా అక్కడే పడుతుంది. మేము సరిదిద్దబోయి మానుకున్నాము. ఇప్పుడు ఒకరికి బ్యాంకు ఉద్యోగం, ఒకరికి మందుల దుకాణం. అందరికీ నలభై దాటాయి.

2021లో పండ్ల మార్కెట్టును బాటసింగారానికి తరలించారు. ఆ రాత్రి షెడ్డులో మొదటి పాట మొదలుపెట్టగానే నాకు భయం వేసింది. మా గొంతులు మాకు వినబడుతున్నాయి. లారీ లేదు, కేక లేదు. ఇరవై ఏళ్లుగా మేము ఇంత గట్టిగా వాయిస్తున్నామా అని ఒకరి మొగం ఒకరం చూచుకున్నాము. మూడవ పాట ముగియకముందే పక్కింటి పెద్దాయన వచ్చాడు. కోపగించలేదు. “బాబూ, మా ఇంటావిడకు గుండెజబ్బు. పన్నెండు దాటాక పడుకుంటుంది,” అన్నాడు. ఏ గవర్నరు ఉత్తరువైనా కాదనవచ్చు గాని ఆ మాటను కాదనడం మా వల్ల కాలేదు. ఆనాటినుంచి ఆదివారం మధ్యాహ్నం రెండు మొదలు నాలుగు దాకా మాత్రమే. రేకుల గోడలకు పాత బొంతలు, కోడిగుడ్ల అట్టలు కొట్టాము. సోనిక్స్ వారు పీకివేసినవి మేము బిగించుకున్నాము. నాదం మెత్తబడింది. అది నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు షెడ్డు యజమాని ఆ స్థలాన్ని అపార్ట్‌మెంటు కట్టేవారికి ఇచ్చాడు. మాకు దసరా దాకా గడువు. మందుల దుకాణం మిత్రునికి తన భవనం కింద కారు నిలుపుకొనే చోటు ఒకటి ఉన్నది, మూడువైపుల గోడ, ఒకవైపు తెరుపు. ఆదివారాలు కారును వీధిలో నిలుపుతానన్నాడు. భవన సంఘానికి అర్జీ పెట్టాము. అందులో ‘భజన సాధన’ అని రాద్దామని ఒకరు, ‘సంగీత సాధన’ అని చాలునని మరొకరు. రెండవదే రాశాము. జవాబు ఇంకా రాలేదు.